అద్దె ఇంటి హాల్లో ఆరడుగుల యుద్ధభూమి

ప్రశ్న: మాది కావలి. అద్దె ఇంట్లో పై అంతస్తులో ఉంటున్నాం. హాలు 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. ఒక చివర గోడకు దివాను, ఎదురు చివర టీవీ స్టాండు, మధ్యలో నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ (నాలుగడుగులు, రెండున్నర అడుగులు) ఉన్నాయి. నేనూ ఇద్దరు మిత్రులూ 28 మి.మీ. ఎత్తుండే మినియేచర్ సైనికుల బొమ్మలతో వార్‌గేమ్స్ ఆడుతుంటాం. ఇన్నాళ్ళూ నేల మీద దుప్పటి పరిచి ఆడాం, ఇక నడుములు ఊరుకోవడం లేదు. ఆరడుగుల బల్ల చేయమంటే వడ్రంగి టేకుతో 18,000 రూపాయలు అవుతుందన్నాడు. అమ్మేమో "అంత బల్ల ఎక్కడ పెడతావురా" అంటోంది. పాత తలుపు, టేబుల్ టెన్నిస్ బల్ల, గ్రానైట్ పలక, వీటిలో ఏదైనా పనికొస్తుందా? ఎప్పటికైనా ఉదయగిరి కోట ముట్టడిని బల్ల మీద ఆడాలని నా కోరిక.
ఒక పాఠకుడు, కావలి

సమాధానం: మీరు రాసిన కొలతలన్నీ కాగితం మీద గీసి చూశాక నాకు తోచిన సలహా ఇది. టేకు బల్ల ఆలోచన మానుకోండి. ఇంట్లో ఉన్న డైనింగ్ టేబుల్‌నే ఆధారంగా పెట్టుకుని, దాని మీద పరవడానికి మూడడుగులు, నాలుగడుగుల కొలతతో రెండు ప్లైవుడ్ పలకలు చేయించుకోండి. ఆట ఉన్న రోజున ఆ రెండింటినీ కలిపితే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మైదానం సిద్ధమవుతుంది. ఆట అయ్యాక వాటిని విడదీసి బీరువా వెనక నిలబెట్టవచ్చు. అమ్మగారు అడిగిన ప్రశ్న న్యాయమైనది. వారానికి ఒక పూట ఆడే ఆట కోసం ఏడు రోజులూ హాలును ఆక్రమించే బల్ల అద్దె ఇంట్లో ఎవరికైనా ఇబ్బందే కాబట్టి, ఆమె ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఏర్పాటే మీ ఇంట్లో పదికాలాలు నిలుస్తుంది.

ఈ కొలతలు ఊరికే ఎంచుకున్నవి కావు. వార్‌హామర్ 40,000 అనే సుదూర భవిష్యత్తు యుద్ధాల ఆటకు 2020లో వచ్చిన కూర్పు నుంచి పెద్ద పోరుకు 60 అంగుళాలు, 44 అంగుళాల మైదానం, చిన్న పోరుకు 44 అంగుళాలు, 30 అంగుళాల మైదానం కనీస కొలతలుగా చెబుతున్నారు. బోల్ట్ యాక్షన్ వంటి రెండో ప్రపంచయుద్ధపు ఆటలనూ, పాతకాలపు సేనల ఆటలనూ ఎక్కువగా ఆరడుగులు, నాలుగడుగుల బల్ల మీదనే ఆడతారు. మీ రెండు పలకలూ కలిస్తే 72 అంగుళాలు, 48 అంగుళాలు వస్తాయి కాబట్టి ఈ రెండు రకాల ఆటలూ అందులో ఇముడుతాయి. ఒక్క పలకనే వాడినా 48 అంగుళాలు, 36 అంగుళాలు ఉంటుంది గనుక చిన్న పోరు మైదానం దాని మీద పూర్తిగా పట్టి, చుట్టూ కాస్త అంచు కూడా మిగులుతుంది. అంటే ముందు ఒక్క పలకే చేయించుకుని, దాని మీద కొన్నాళ్ళు ఆడి, దాని మంచిచెడ్డలు తెలిశాక రెండోది చేయించుకున్నా మీకు నష్టమేమీ ఉండదు. డబ్బు ఒక్కసారిగా పెట్టలేనివారికి నేను ఎప్పుడూ ఈ దారే చెబుతాను.

వెడల్పు నాలుగడుగులు దాటకూడదని మాత్రం గట్టిగా చెబుతున్నాను. మనిషి ఒక పక్కన నిలబడి, బొమ్మలను చొక్కా అంచుతో పడగొట్టకుండా, సుఖంగా చెయ్యి చాపగలిగేది రెండడుగుల దూరమే. రెండు పక్కల నుంచీ రెండేసి అడుగులు అందితే నాలుగడుగుల బల్ల మొత్తం అందినట్టే. అందుకే తొమ్మిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉండే టేబుల్ టెన్నిస్ బల్ల మీకు వద్దు. అది మీ హాలులో పట్టినా మనుషులు తిరగడానికి చోటుండదు, మధ్యలో ఉన్న బొమ్మను అందుకోవాలంటే పొట్ట బల్లకు ఆనించి వంగాలి. పాత తలుపు సాధారణంగా మూడడుగుల వెడల్పుకు మించదు, పైగా చెక్కిన దిళ్ళు (ఎత్తుపల్లాల పలకలు) ఉన్న తలుపైతే బొమ్మ ఒక్కటీ సమంగా నిలవదు. గ్రానైట్ ఆలోచన మీకు ఎందుకు వచ్చిందో అర్థం చేసుకోగలను. చీమకుర్తి రాయి పుట్టే సీమలో ఉన్నవారికి రాతిపలక దొరకడం పెద్ద పనేమీ కాదు. అయితే 18 మి.మీ. మందం గల ఆరడుగులు, నాలుగడుగుల గ్రానైట్ పలక బరువు నూరు కిలోలు దాటుతుంది, పాచికలు దాని మీద పడి ఎగిరిపోతాయి, లోహపు బొమ్మ ఒరిగిందంటే కత్తి వంగడమో చెయ్యి విరగడమో ఖాయం. ఆ మూడింటినీ పక్కన పెట్టండి.

ఇలా ముక్కలుగా చేసుకుని కలుపుకునే పద్ధతి ఈనాటిది కాదు. పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రైస్విట్జ్ అనే అధికారి మొదట తడి ఇసుకలో కొండలూ లోయలూ మలిచి యుద్ధక్రీడ చూపించేవాడు. రాజు ఫ్రెడరిక్ విలియం 3కు సమర్పించవలసి వచ్చినప్పుడు, 1812లో, సొరుగులున్న పెద్ద చెక్క బల్ల చేయించి, దాని మీద ఎలా కావాలంటే అలా పేర్చుకోగల ప్లాస్టర్ పలకల మీద నదులూ దారులూ ఊళ్ళూ చిత్రించి ఇచ్చాడు. ఆట అయ్యాక అన్నీ సొరుగుల్లోకి వెళ్ళిపోయేవి. రాజభవనంలోనే సర్దుకునే వీలు చూసుకున్నారంటే, పది అడుగుల హాలులో మనం చూసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఇక పని సంగతికి వస్తాను. ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు, నాలుగడుగుల కొలతతో వస్తుంది. షాపులోనే దాన్ని అడ్డంగా మూడు ముక్కలు కోయించండి: మూడడుగులవి రెండు, మిగిలిన రెండడుగులది ఒకటి. ఆ మూడో ముక్కను పారేయవద్దు, దాని ఉపయోగం తరవాత చెబుతాను. మందం 9 మి.మీ. చాలు, ఎందుకంటే బలం చట్రం నుంచి వస్తుంది. 18 మి.మీ. షీటుతో ఆరడుగుల పలక ఒక్కటిగా చేయిస్తే చట్రం లేకుండానే దాదాపు పాతిక కిలోలు ఉంటుంది, అదే 9 మి.మీ. పలక మూడడుగులది చట్రంతో కలిపి తొమ్మిది పది కిలోలలో తేలుతుంది, ఒక్కరే ఎత్తి పక్కన పెట్టగలరు. మన తీరంలో గాలి ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది కాబట్టి ఐఎస్ 710 ముద్ర ఉన్న నీటిని తట్టుకునే రకం అడగండి. ధర ఎక్కువనిపిస్తే ఐఎస్ 303 రకం తీసుకుని అంచులకు రంగు బాగా పట్టించండి. ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో అదిమి చేసే పలక) చూడటానికి నున్నగా ఉంటుంది గానీ అంచుకు తడి తగిలితే ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బిన అంచు మళ్ళీ దిగదు. షాపులో షీటును నిలబెట్టించి అంచు వెంట కన్ను పెట్టి చూడండి. పొరల మధ్య సందులు కనిపించినా, వేలితో తట్టినప్పుడు ఒక చోట మాత్రం డొల్లగా మోగినా ఆ షీటు వద్దనండి.

చట్రానికి ఒకటిన్నర అంగుళం, ఒక అంగుళం కొలత గల రీపర్లు (సన్నని చెక్కబద్దలు) చాలు. వాటిని ఒకటిన్నర అంగుళం నిలువుగా వచ్చేలా నిలబెట్టి పలక అడుగున నాలుగు అంచుల వెంట ఒక చుట్టు, సరిగ్గా మధ్యలో నాలుగడుగుల వెడల్పుకు అడ్డంగా ఒకటి వేయించండి. తెల్ల ఫెవికాల్ రాసి పై నుంచి స్క్రూలు బిగించి, వాటి తలలు చెక్కలోకి దిగాక పుట్టీ పెట్టి గరుకు కాగితంతో రుద్దితే పైభాగం చదునవుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో అయి ఉండాలి. సముద్రం అంత దగ్గరలో మామూలు ఇనుప స్క్రూ తుప్పు పట్టి రంగు పైకి మరకగా తేలుతుంది.

ఇప్పుడు చెప్పబోయేది ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. చాలామంది పలక పైభాగానికి మాత్రం జిగురు రాసి, ఇసుక చల్లి, రంగు వేసి, అడుగుభాగాన్ని పచ్చి చెక్కగానే వదిలేస్తారు. పైన పూసిన జిగురు ఆరుతున్నకొద్దీ బిగుసుకుని చెక్కను తన వైపు లాగుతుంది. అడుగున మూసుకోని చెక్క అక్టోబరు, నవంబరు ముసురులో గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. ఈ రెండూ కలిసి పలకను పళ్ళెంలా వంచేస్తాయి, ఆ వంపు ఎంత బరువు పెట్టినా పూర్తిగా పోదు. కాబట్టి చట్రం బిగించిన రోజే పైన, కింద, నాలుగు అంచులకు, రీపర్ల పక్కలకు కూడా వుడ్ ప్రైమర్ ఒక పూత వేయండి, ఆరాక రెండు వైపులా ఎమల్షన్ రెండు పూతలు వేయండి, ఆ తరవాతే పైభాగం అలంకారం మొదలుపెట్టండి. పలక వంగిందో లేదో తెలుసుకోవడానికి పొడవాటి స్టీలు స్కేలును దాని మీద ఐమూలగా నిలబెట్టి, కంటిని బల్ల మట్టానికి దించి చూడండి. స్కేలు కింద సన్నని వెలుగు గీత కనిపిస్తే అక్కడ వంపు ఉన్నట్టు.

రెండు పలకలూ కలిసే చోట మెట్టు రాకూడదు. దానికి పలకలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, పైభాగాలు రెండూ సమంగా ఉన్నాయని వేలితో తడిమి చూసుకుని, తాకుతున్న రెండు రీపర్లనూ శికంజాతో (క్లాంపుతో) కలిపి బిగించి, అప్పుడు రెంటినీ ఒకేసారి తొలిచేలా రెండు చోట్ల రంధ్రాలు వేయించండి. విడివిడిగా కొలిచి తొలిస్తే ఎంత నేర్పరి వడ్రంగి అయినా వెంట్రుకవాసి తేడా వస్తుంది. ఆ రంధ్రాల్లో 6 మి.మీ. బోల్టులు 65 మి.మీ. పొడవువి దూర్చి, చేత్తోనే తిప్పగల రెక్కల నట్లు బిగిస్తే పలకలు ఒక్కటిగా నిలుస్తాయి. ఏ పలక ఎడమ, ఏది కుడి అన్నది అడుగున రాసి పెట్టుకోండి.

మీ డైనింగ్ టేబుల్ మీద ఈ జోడు పెట్టినప్పుడు పొడవు వైపు రెండు చివర్లా ఒక్కో అడుగు, వెడల్పు వైపు రెండు పక్కలా తొమ్మిదేసి అంగుళాలు బయటికి వస్తాయి. బరువంతా మధ్యలో కలిసే రెండు రీపర్ల మీద, ఒక్కో పలక నడుమ ఉన్న అడ్డ రీపరు మీద ఆగుతుంది. చెయ్యి ఆన్చినంత మాత్రాన ఒరగదు గానీ చివర ఎవరూ ఎక్కి కూర్చోకూడదు. టేబుల్ పాలిష్ గీసుకోకుండా పాత నూలు దుప్పటి పరిచి, పలకలు జరగకుండా అడ్డ రీపర్లకు చిన్న చెక్కముక్కలు టేబుల్ అంచుకు ఆనేలా బిగించండి. డైనింగ్ టేబుల్ 30 అంగుళాల ఎత్తు ఉంటే పై పలకతో కలిపి 32 అంగుళాలకు కొంచెం తక్కువ వస్తుంది, ఇది నిలబడి ఆడటానికి మీ నడుముకు నేల కంటే ఎంతో మేలు. దివాను రెండున్నర అడుగులు, టీవీ స్టాండు ఒకటిన్నర అడుగులు పోగా మీకు పది అడుగుల చదరం మిగులుతుంది, కుర్చీలు తీసేస్తే పొడవు పక్కల మూడేసి అడుగులు, చివర్ల రెండేసి అడుగులు నడవడానికి ఉంటాయి. ముగ్గురికి అది చాలు. గోడకు మేకు అవసరమే రాదు.

డైనింగ్ టేబుల్ ఖాళీ లేని రోజున టెంట్‌హౌస్‌లో దొరికే మడత బల్లలు రెండు తెచ్చుకోవచ్చు. భోజనాల పంక్తికి వేసే ఆ బల్లలు సన్నగా పొడవుగా ఉంటాయి కాబట్టి రెంటినీ పక్కపక్కన వేసి పైన మీ పలకలు పెడితే సరిపోతుంది. బల్లల ఎత్తు రెండింటిదీ ఒకటేనా అన్నది అక్కడే కొలిచి తెచ్చుకోండి. మాఘమాసంలో పెళ్ళిళ్ళ ముమ్మరంలో అవి దొరకవు, ఆషాఢంలో అడిగినన్ని ఇస్తారు.

పైన పరిచేదానికి విదేశీ రబ్బరు మ్యాట్లు కొనే ముందు ఫ్లెక్సీ షాపును చూడమంటాను. మీరిచ్చిన గడ్డినేల బొమ్మనో ఎడారి బొమ్మనో ఆరడుగులు, నాలుగడుగుల కొలతకు అచ్చు వేసి ఇస్తారు. దానిలో ఒక లోపం ఉంది: ట్యూబులైటు కింద మెరుస్తుంది, ఆ మెరుపులో ఎత్తుపల్లాల గీతలు కనబడవు. వాళ్ళ దగ్గర మెరవని రకం ఉంటే అదే అడగండి. నాకైతే మందపాటి ఖాకీ గుడ్డ మీద పలుచని జిగురునీళ్ళలో కలిపిన ఇసుకను మచ్చలు మచ్చలుగా రుద్ది, గోధుమ, పచ్చ రంగులు పొడికుంచెతో అద్దిన నేల ఎక్కువ ఇష్టం. దానిని చుట్టి మూలన పెట్టుకోవచ్చు, కింద పుస్తకాలు పెడితే కొండలవుతాయి.

కొండలకూ గోడలకూ థర్మాకోల్ కోసం దూరం పోనక్కర లేదు. జువ్వలదిన్నె రేవు వైపు, రొయ్యల వ్యాపారం జరిగే ప్రతి చోటా ఐసు వేసి పంపే పెట్టెలు విరిగినవి మిగులుతుంటాయి. వాటిని సబ్బునీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండబెడితే వాసన పోతుంది. ఒక అంగుళం మందం ముక్కలను మెట్లుగా అతికించండి, ఎందుకంటే నున్నటి వాలు మీద బొమ్మ జారిపోతుంది, మెట్టు మీద నిలుస్తుంది. అతికించడానికి తెల్ల ఫెవికాలే వాడాలి. చెప్పులకు, సన్‌మైకాకు వాడే రబ్బరు జిగురు థర్మాకోల్‌ను కరిగిస్తుంది, స్ప్రే రంగు కూడా అంతే చేస్తుంది. కాబట్టి ముందు జిగురు, ఇసుక కలిపిన పూత అంతటా పట్టించి, అది పూర్తిగా ఆరాకే స్ప్రే దగ్గరికి వెళ్ళండి. వేడి తీగతో కోస్తే ఆ పొగ పీల్చకుండా కిటికీలు తీసి ఉంచండి. ఇసుక తుమ్మలపెంట సముద్రపుటొడ్డు నుంచి తెస్తే మంచినీళ్ళలో బాగా కడగండి, ఉప్పు మిగిలితే అది చెమ్మను లాగి రంగును పెచ్చులుగా లేపుతుంది. పెన్న ఇసుక జల్లించినది దొరికితే ఆ బాధ లేదు. కొబ్బరిపీచు డోర్‌మ్యాటును ముక్కలు కోస్తే కోతకు వచ్చిన చేను అవుతుంది. సర్వి తోటల్లో రాలిన ఎండు ఆకు గుడిసెల పైకప్పుకు బాగా నప్పుతుంది. మార్కాపురం పలకరాతి పెచ్చులు నిలువుగా గుచ్చితే అసలైన కొండచరియ వస్తుంది, అయితే బరువు చూసుకుని రెండు మూడు చోట్ల మాత్రమే వాడండి. ఆకులు, పీచు వంటివి బాగా ఎండబెట్టి జిగురునీళ్ళు పట్టించకపోతే పురుగు చేరుతుంది.

సీలింగ్ ఫ్యాను గురించి మీరు అడగలేదు గానీ మన ఎండల్లో దాన్ని ఆపి ఆడటం సాధ్యం కాదు కాబట్టి చెబుతున్నాను. పొగకు గుర్తుగా పెట్టే దూది, కాగితపు గుర్తులు గాలికి ఎగురుతాయి, తేలికైన ప్లాస్టిక్ బొమ్మలు జెండా పట్టుకున్నవైతే పక్కకు ఒరుగుతాయి. బొమ్మల పీఠాల కింద ఇనుప వాషర్లు అతికిస్తే ఆ బెడద తీరుతుంది. త్రీడీ ప్రింటరుతో చేసిన పీఎల్‌ఏ ప్లాస్టిక్ బొమ్మలు 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి గనుక రోహిణి కార్తెలో వాటిని ఎండ పడే కిటికీలోనూ, నిలిపిన కారులోనూ ఉంచకండి. పలకలను బీరువా వెనక పెట్టేటప్పుడు నేలకూ గోడకూ నేరుగా ఆనించక, కింద రెండు ఇటుకలు, గోడ వైపు రెండు చిన్న ముక్కలు పెట్టండి. చెద ఎక్కితే మట్టిగీత కంటికి కనిపించడానికి ఆ ఖాళీ కావాలి, నెలకోసారి ఆ వెనక తొంగి చూడండి.

చివరగా ఉదయగిరి. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఆ కోటను ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. మీ సీమ చరిత్రను బల్ల మీదికి తేవాలనుకోవడం ఎంతో మంచి కోరిక, నేను మనసారా ప్రోత్సహిస్తాను. అయితే 28 మి.మీ. బొమ్మలతో కొండ మొత్తాన్ని చూపాలని మాత్రం ప్రయత్నించకండి. ఆ బొమ్మ మనిషి కొలతకు దాదాపు 56వ వంతు, అంటే వెయ్యి అడుగుల కొండ ఏదైనా ఆ లెక్కన దాదాపు 18 అడుగులు వస్తుంది, మీ ఇంటి కప్పు దాటిపోతుంది. కొండ మొత్తం కావాలంటే 6 మి.మీ. బొమ్మలకు మారి ఎత్తును కూడా బాగా కుదించుకోవాలి. మీ దగ్గరున్న బొమ్మలతోనే ఆడాలంటే ఒక ద్వారం, దాని రెండు పక్కల ప్రాకారం, దాని ముందుకు ఎక్కివచ్చే దారి, ఇంతవరకే ఎంచుకోండి. పక్కన దాచమన్న రెండడుగుల ప్లైవుడ్ ముక్క దీనికే. మామూలు రోజుల్లో పాచికలకూ పడిపోయిన బొమ్మలకూ అది పక్కబల్ల. ముట్టడి రోజున ద్వారాన్ని దాని మీద నిలబెట్టి, మైదానం ఒక చివరకు ఆనించి, కింద రెండు స్టూళ్ళు వేసి పలకల మట్టానికి లేపండి. దాడి చేసేవారికి దారి మీద రెండు చోట్లయినా బొమ్మలు గుంపుగా నిలవగల చదును మెట్టు ఉంచండి, లేకపోతే ఆట మొత్తం ఒకే వరసలో ఇరుక్కుపోతుంది. ద్వారం వెడల్పు రెండు పీఠాలు పక్కపక్కన దూరేంత ఉండాలి, మీవి 32 మి.మీ. పీఠాలైతే 70 మి.మీ. పెట్టండి, ఏనుగును కూడా దించాలనుకుంటే ఆ ఏనుగు పీఠాన్ని ముందుగా కొలిచి దాని ప్రకారమే రాళ్ళు కోయండి.